పనిదొంగ, పేకాటరాయుడు

"మా కోడలు పనిదొంగ డాక్టరుగారూ, పొద్దెక్కేదాకా ముసుగు తన్ని పడుకుంటుంది" అందొక అత్తగారు. ఆ అమ్మాయి ముఖం పాలిపోయి ఉంది. ఎండాకాలంలోనూ చలేస్తుందట. ఆకలి లేదు, కోరికా లేదు. కాన్పు గురించి అడిగితే అసలు సంగతి బయటపడింది. బిడ్డ పుట్టినప్పుడు రక్తం విపరీతంగా పోయింది. పాలు పడలేదు. నెలసరి మళ్ళీ రాలేదు.

దీన్ని షీహాన్ సిండ్రోమ్ అంటారు. 1937లో హెరాల్డ్ షీహాన్ దీన్ని వివరించాడు. గర్భిణుల్లో పిట్యూటరీ గ్రంథి బాగా పెరుగుతుంది. ఆ స్థితిలో రక్తస్రావంతో బీపీ పడిపోతే, రక్తం అందక చచ్చుబడుతుంది. అర గ్రాము బరువుండే ఆ గ్రంథి ఆజ్ఞలు ఆగితే థైరాయిడ్, అడ్రినల్, అండాశయాలు మూడూ మందగిస్తాయి. ముందు హైడ్రోకార్టిసోన్ ఇచ్చి, ఆ తర్వాతే థైరాక్సిన్ మొదలుపెట్టాలి. వరుస తప్పితే ప్రాణం మీదకొస్తుంది. మందులు పడ్డాక కోడలు కోలుకుంది. "ఇప్పుడు నాతో పోట్లాటకు కూడా దిగుతోంది" అని అత్తగారే చెప్పింది.

ఒక మాస్టారి సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. పార్కిన్సన్స్‌కు ప్రామిపెక్సోల్ వాడుతున్నారు. వణుకు తగ్గింది. కానీ జన్మలో ముక్క పట్టని మనిషి పేకాటలో పెన్షన్ తగలేశారు. అర్ధరాత్రి లేచి మిఠాయి డబ్బాలు ఖాళీ చేస్తున్నారు. ఈ వయసులో ఇదేం బుద్ధని పిల్లలు తలవంచుకున్నారు. ఆ మందు మెదడులో డోపమైన్ చేసే పనే చేస్తుంది. డోపమైన్ పని సుఖమివ్వడం కన్నా "ఇంకొక్కసారి" అనిపించడం. మోతాదు మెల్లగా తగ్గించి మందు మార్చాక మాస్టారికి ఆ యావ వదిలింది.

అందుకే ఎవరినైనా సోమరి, వ్యసనపరుడు అంటే నేను మూడు ప్రశ్నలడుగుతాను. ఎప్పట్నుంచి? అప్పట్నుంచి ఏ కొత్త మందు వాడుతున్నారు? ఒక్క పని మీదే ఆసక్తి పోయిందా, ఆకలి, నిద్ర, కోరిక అన్నీ మారాయా?

ఈ మధ్య ఒక దంపతులు కొడుకుని తెచ్చారు. ఇంజనీరింగ్ పుస్తకం ముట్టడట, హార్మోన్లు చూడమన్నారు. కుర్రాడికి ఆకలి బాగుంది, నిద్ర బాగుంది. స్నేహితుడి షెడ్డులో బైకులు బాగుచేయడానికి కూర్చుంటే తిండి కూడా గుర్తుండదట. రిపోర్టులన్నీ నార్మల్. ఆ మాట వింటే తల్లిదండ్రులు సంతోషించాలి, కానీ దిగాలుపడ్డారు. రక్తంలో ఏదైనా లోపం దొరికుంటే మాత్ర మింగించి కాలేజీకి పంపేవాళ్ళు. ఇప్పుడిక వాడితో కూర్చుని మాట్లాడక తప్పదు.