రెండు నదుల మధ్య మా ఊరు

నేనిప్పుడు హఫీజ్‌పేటలో మూడవ అంతస్తులో కాపురముంటున్నాను. వీధిలోకి నీళ్ళ ట్యాంకరు వచ్చినప్పుడల్లా కూనవరం జ్ఞాపకం వస్తుంది. అక్కడ శబరి గోదావరిలో కలుస్తుంది. చుట్టూ అడవి. వేసవిలో అమ్మా నేనూ తునికాకు కోసి, యాభై ఆకులు ఒక కట్టగా కట్టేవారము. ఆ డబ్బుతోనే నాకు బడి పుస్తకాలు.

గోదావరి పొంగితే శబరి ముందుకు పోలేక వెనక్కి ఎగదన్నుతుంది. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నీరు 75.6 అడుగులకు చేరినప్పుడు మా ఇల్లు మునిగింది. మెట్టమీది కోయ కుటుంబమొకటి పది రోజులు మాకు జొన్న అంబలి పోసి కాపాడింది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడూ అమ్మ ఆ ఇంటికే చేరింది.

ఊరు పోలవరం ముంపులో ఉన్నది. "నా దగ్గరికి వచ్చేయమ్మా" అని బతిమాలాను.

"వస్తాను గాని, వరద వస్తే అక్కడ ఎవరి తలుపు తడతావురా?" అన్నది.

నేను జవాబు చెప్పలేకపోయాను. మూడేండ్లుగా ఎదురింటివారి పేరైనా నాకు తెలియదు. ఆ సాయంత్రమే వెళ్ళి వారి తలుపు తట్టాను.