20,000 డాంగుల బేరం

వియత్నాం వెళ్తున్నామని చెప్పగానే మా నాన్న అన్న మొదటి మాట, "ఆ డబ్బు ఫ్లాటు అడ్వాన్సులోకి కలిసొచ్చేది కదరా!" దాంతో నాకు పంతం పట్టుకుంది. పది రోజులు, చెరో బ్యాగు, రూపాయి కూడా వదలకుండా ఖర్చంతా ఎక్సెల్ షీటులో ఎక్కాల్సిందే. మనకి అలవాటైన పనే కదా!

హనోయి నుంచి హుయేకి రాత్రి రైల్లో ఆరు బెర్తుల కేబిన్లో పడుకుని వెళ్ళాం. ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగిలింది. చిక్కల్లా తిండి దగ్గరే. మా ఆవిడ శాకాహారి. అక్కడ ఫో అనే నూడుల్స్‌కి ఎముకల రసమే ప్రాణం. కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పడుతుంది. పాపం, రెండు రోజులు అరటిపళ్ళు, బ్రెడ్డుతోనే నెట్టుకొచ్చింది.

కొన్ని హోటళ్ళ మీద "చాయ్" అని చదివి టీ కొట్లేమో అనుకున్నా. తీరా హుయేలో తెలిసింది, వాళ్ళ భాషలో చాయ్ అంటే శాకాహారం అని! అక్కడి బౌద్ధులు చాలామంది చాంద్రమాసంలో మొదటి రోజు, పదిహేనో రోజు మాంసం ముట్టరు. మనవాళ్ళ ఏకాదశి లాగా అన్నమాట. ఆ పూట టోఫు, పుట్టగొడుగులతో అన్నం తింటుంటే మా ఆవిడ మొహం చూడాలి!

అసలు విషయం హోయ్ ఆన్‌లో జరిగింది. నది ఒడ్డున ఒక ముసలావిడ కావడి దించుకుని కూర్చుంది. మెత్తటి సోయా గడ్డ మీద వేడి వేడి అల్లం పాకం పోసి ఇస్తోంది. రెండు గిన్నెలకి 40,000 డాంగులంది. నేను ఫోన్లో కాలిక్యులేటర్ చూపించి 20,000కి దించా. రాత్రి షీటులో ఎక్కిస్తూ, "చూశావా, సగానికి సగం!" అన్నా.

మా ఆవిడ తల కూడా ఎత్తలేదు. "పోయిన ఏడాది నీ హైక్ సగం కోస్తే రెండు నెలలు మీ మేనేజర్ని తిట్టావ్. ఆవిడ ఎవర్ని తిట్టుకోవాలి?"

రూపాయికి దాదాపు 300 డాంగులు. అంటే నేను గెలిచింది ఓ 65 రూపాయలు. ఆఫీసు కింద కాఫీకి అంతకన్నా ఎక్కువే పెడతాను.

మర్నాడు సాయంత్రం అదే చోటికి వెళ్ళాం. ఆవిడ రాలేదు. ఆ పైరోజు పొద్దున్నే మా బస్సు.

బేరం ఆడటమే తప్పని నేననను. మన రైతు బజార్లోనూ ఆడతాం. కానీ రైల్లో పడుకుని మిగుల్చుకుంది మా సుఖంలోంచి కోసుకున్న డబ్బు. ఇది ఆవిడ కూలి లోంచి. షీటులో మాత్రం రెండూ "ఆదా" అనే కాలమ్‌లోనే ఉన్నాయి.

ఇంటికొచ్చాక నాన్నకి లెక్క చూపించా, మెచ్చుకున్నారు కూడా. ఆ వరస దగ్గర మాత్రం గబగబా కిందికి స్క్రోల్ చేసేశాను.