ఉండి గట్టు నుంచి భోపాల్ దాకా

భీమవరానికి చేరువలో, గుడివాడ రైలు మార్గం మీద ఉన్న ఉండిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలో ఎదిగిన మత్స్య పరిశోధన స్థానం ఉంది. దాన్ని సందర్శించేవారు కేవలం పరికరాలను చూసి తిరిగిపోతే, కొల్లేటి సరస్సు చుట్టుపక్కల చేపకు, రొయ్యకు, కోడికి, మనిషికి జబ్బు ఏమిటో తేల్చే వ్యవస్థలు ఒకదానితో ఒకటి ఎంతవరకు ముడిపడి ఉన్నాయన్న ముఖ్యమైన ప్రశ్న మిగిలిపోతుంది.

నిర్ధారణ పని నిజానికి చెరువు గట్టునే మొదలవుతుంది. చచ్చి తేలిన చేపను సంచిలో వేసి తెచ్చిన రైతుకు సరైన జవాబు దొరకడం కష్టం. ఎందుకంటే ఇక్కడి ఎండకు కణజాలం కొద్ది గంటల్లోనే చెడి, చావు తర్వాత పెరిగిన బాక్టీరియా అసలు కారణాన్ని కప్పేస్తుంది. జబ్బు లక్షణాలతో ఇంకా ఈదుతున్న చేపను ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచిలోను, చెరువు నీటిని విడిగా సీసాలోను తెస్తేనే పరీక్షకు అర్థం ఉంటుంది. శీలావతి, బొచ్చె చేపల ఒంటికి అంటుకొని రక్తం పీల్చే ఆర్గులస్ అనే పరాన్నజీవి, అంటే రైతులు చెప్పుకొనే చేప పేను, కంటికే కనిపిస్తుంది. మొప్పలోని చిన్న పరాన్నజీవులకు సూక్ష్మదర్శిని చాలు.

రొయ్య దగ్గర మాత్రం పని చిక్కుపడుతుంది. 1990ల మధ్యలో దేశంలోని రొయ్యల సాగును కుదిపేసిన వైట్ స్పాట్ వైరస్ పెంకు మీద తెల్లమచ్చలు చూపుతుంది కాని, అలాంటి మచ్చలు వేరే కారణాలతోనూ వస్తాయి. వెనామీ రకం రొయ్యల సాగులో ఇప్పుడు ఎక్కువ బాధపెడుతున్న ఈహెచ్‌పీ అయితే రొయ్య కాలేయ క్లోమ గ్రంథి కణాల్లో దాగే మైక్రోస్పోరిడియా జాతి సూక్ష్మజీవి. అది రొయ్యను ఒక్కసారిగా చంపదు, ఎదుగుదలను ఆపుతుంది, దాంతో మేత ఖర్చవుతుంది కాని రొయ్య అమ్మకానికి తగిన సైజుకు (కౌంటుకు) రాదు. ఈ రెండింటికీ నమ్మదగిన పరీక్ష పీసీఆర్, అంటే సూక్ష్మజీవి జన్యుపదార్థంలోని ఒక ముక్కను గుర్తించదగినంతగా యంత్రంలో కోట్ల ప్రతులుగా పెంచడం. దీనికి నమూనాను ఇథైల్ ఆల్కహాల్‌లో ఉంచాలి. కణజాలాన్ని పలుచగా కోసి చూడాలంటే ఫార్మలిన్ కలిసిన ద్రావణం కావాలి. ఫార్మలిన్‌లో నానిన ముక్క పీసీఆర్‌కు బాగా పనికిరాదు. నమూనా సేకరణకు అందరూ పాటించే ఒకే పద్ధతి లేకపోతే ఎన్ని ప్రయోగశాలలున్నా వాటి ఫలితాలను పక్కపక్కన పెట్టి పోల్చలేరన్నది ఇక్కడే స్పష్టమవుతుంది.

అలాంటి పద్ధతి కోసమే లక్నోలోని జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ సమన్వయంతో 2013లో జలచరాల రోగాలపై జాతీయ నిఘా కార్యక్రమం మొదలైంది. రైతు తానే సమాచారం ఇచ్చే ఫోన్ యాప్ 2023లో వచ్చింది. నియోజకవర్గాల్లో సమీకృత ప్రయోగశాలలు 2021 నుంచి ఏర్పడ్డాయి. వీటికి తోడు ప్రైవేటు పీసీఆర్ కేంద్రాలూ ఉన్నాయి. అయితే డబ్బు పెట్టి చేయించుకున్న పరీక్ష చీటీ రైతు జేబు దాటదు. జబ్బు సంగతి బయటపడితే కొనుగోలుదారు ధర తగ్గిస్తాడు, అప్పు మీద మేత ఇచ్చే డీలరు చేయి బిగిస్తాడు. ఈ లెక్కలో రైతు మౌనాన్ని తప్పుపట్టడం తేలికే గాని న్యాయం కాదు.

కోళ్ల విషయంలో గొలుసు మరింత పొడవు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులోను, పొరుగు జిల్లాలోని కానూరులోను కోళ్లు చనిపోతే, బర్డ్ ఫ్లూ అని ఖరారు చేసింది భోపాల్‌లోని అత్యున్నత భద్రత గల జంతురోగాల జాతీయ సంస్థ. ప్రమాదకర వైరస్ బయటికి పొక్కకుండా చూసే కట్టుదిట్టమైన ఏర్పాటు ప్రతి ఊళ్లో సాధ్యం కాదు. మార్చిలో మంగళగిరి ఎయిమ్స్‌లో మరణించిన నరసరావుపేట పసిపాపకు సోకింది అదే రకం వైరస్ అని తేల్చింది పుణెలోని వైరాలజీ సంస్థ. కోడి నమూనా ఒక దారిలో, మనిషి నమూనా మరో దారిలో ప్రయాణించే ఈ ఏర్పాటులో రెండు దారులు కలిసే చోటు జిల్లాలోనే ఉండాలి.

2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది మూర్ఛతో ఆసుపత్రి పాలైనప్పుడు అలాంటి చోటు లేని లోటు బాగా బయటపడింది. ఢిల్లీ ఎయిమ్స్ ప్రాథమిక పరీక్షలు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నాయి. ఆ తర్వాత హైదరాబాదులోని పోషకాహార సంస్థతో సహా ఇతర సంస్థల నివేదికలతో దృష్టి పురుగుమందుల అవశేషాల వైపు మళ్లింది. ఒక్కో సంస్థ తనకు చేతనైనది వెదికింది. మొదటి రోజునే రక్తం, నీరు, పాలు, కూరగాయలు, చేపల నమూనాలను ఒకే ప్రణాళికతో సేకరించి ఉంటే ఆ జవాబులను ఒకదానితో ఒకటి సరిచూడడం సులువయ్యేది.

ఉండి పరిసరాల్లో అటువంటి ప్రణాళిక నిపుణుల సమావేశాల కన్నా ముందు మురుగు కాలువ మీద అమలు కావలసి ఉంది. వైట్ స్పాట్ తేలిన చెరువు నీటిని బ్లీచింగ్ వేసి నిలిపాకే వదలాలన్నది రైతులకు తెలిసిన నియమమే. పై చెరువు పరీక్ష ఫలితం కింది చెరువు రైతుకు అతడు ఆ కాలువ నీటికి మోటారు వేయకముందే చేరడం మాత్రం చాలావరకు ఇంకా ఇరుగుపొరుగు మాట మీదే ఆధారపడి ఉంది.