ఏరు కావాలన్న పిల్లాడు

పోలవరం ఏజెన్సీలో మా కోయ గూడెం దాటి బడికెళ్లిన కొత్తలో, దాహమేసి "ఏరు కావాలి" అన్నాను. కోయలో ఏరంటే నీళ్లు. "ఏరంతా తాగేస్తావేంట్రా?" అని క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత చాలా ఏళ్లు తెలుగులో నోరు విప్పలేదు, పుస్తకాల్లోంచే నేర్చుకున్నాను. టీచర్ ట్రైనింగ్ రోజుల్లో "వస్తున్నాను" అంటే రాజమండ్రి స్నేహితులు "రేడియో వార్తలాండీ?" అనేవారు. వాళ్లు "వత్తన్నానండి" అంటారు, మాటకి ముందు "ఆయ్" అంటారు. అవి ఏ వాచకంలోనూ లేవు. టీకొట్టు దగ్గర నిలబడి నేర్చుకున్నాను.

మొన్న ఇదంతా గుర్తొచ్చింది. నా దగ్గర చదివిన కోయ అమ్మాయి నర్సింగ్ పూర్తిచేసి, జర్మనీ వెళ్లడానికి రాజమండ్రిలో ఉండి జర్మన్ నేర్చుకుంటోంది. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బి2 స్థాయి భాష కావాలి.

"మార్కులొస్తున్నాయి మాస్టారూ, వాళ్లు మాట్లాడుకుంటుంటే మాత్రం ఒక్క ముక్కా అర్థం కావట్లేదండి" అంది ఫోన్లో.

పాఠంలో 'ఇహ్ హాబె' అని ఉంటే మాటల్లో 'ఇహ్ హాబ్' అని తోక తెంపేస్తారట. పాఠంలో 'గూటెన్ టాక్' అనే పలకరింపు, ఉత్తరాదిన 'మోయిన్', బవేరియాలో 'సెర్వుస్'. దగ్గరికి పిలవాలంటే 'కొమ్ మాల్ హేర్'. ఆ 'మాల్' ఏమిటని అడిగాను. 'ఒకసారి' అనే మాట అరిగి అలా మిగిలిందట.

"మనం 'ఓసారి ఇట్రా' అనమా? అదే ఇది!" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

నాకు తెలిసిందే చెప్పాను: విడి మాటలు బట్టీ పట్టకు, వాక్యం మొత్తం విను. విన్నది విన్నట్టు పైకి అను. ఎవరైనా నవ్వితే నోరు మూసుకోకు. నేను మూసుకుని చాలా పోగొట్టుకున్నాను.

కాసేపాగి అంది: "మూడో తరగతిలో కోయ మాట్లాడితే మీరే కసిరేవారు కదండీ."

నిజమే. నన్ను చూసి నవ్విన క్లాసునే నేను మళ్లీ తయారుచేశాను. వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు కూడా టీచరే. పర్లాకిమిడిలో సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాచకాలు రాశారు. పుట్టుకతో కోయ వచ్చిన నేను ఆ పని చెయ్యలేదు.

ఇప్పుడు నా క్లాసులో ఎవరైనా "ఏరు" అంటే ముందు నీళ్లిస్తాను. తర్వాత బోర్డు మీద మూడు మాటలు రాస్తాను: ఏరు, నీళ్లు, వాసర్. మూడోది జర్మన్ మాట, ఆ అమ్మాయే చెప్పింది.