హంసొస్తే ఆగాలి!

అమెరికాలో పెద్దబాతుల వేట తుపాకీతో కాదు, కాగితాలతో మొదలవుతుంది. రాష్ట్ర లైసెన్సు ఉండాలి. 16 ఏళ్లు నిండితే 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంపూ కొనాలి. 1934లో వచ్చిన ఈ స్టాంపు సొమ్ముతో చిత్తడి నేలల్ని కాపాడుతున్నారు. బాతుని కొట్టేవాడే దాని గూటికీ డబ్బు కడుతున్నాడన్నమాట!

నీటిపక్షుల మీద సీసపు గుండ్లు వాడటం 1991 నుంచీ నిషేధం. మడుగుల్లో రాలిన వాటిని బాతులు ఇసుకరాళ్లనుకుని మింగి చచ్చిపోయేవి. వాటిని తిన్న గద్దలకీ అదే గతి. ఇప్పుడు ఎక్కువమందివి ఉక్కు గుండ్లే. అవి తేలిక, దూరం వెళ్లేకొద్దీ జోరు తగ్గుతుంది. అందుకే సీజనుకి ముందే అట్టమీద కాల్చి చూసుకుంటారు. మామూలు సీజన్లో తుపాకీలో మూడు తూటాలకి మించి పట్టకూడదు. గింజలు చల్లి పిలవకూడదు. బొమ్మబాతుల్ని పెట్టుకోవచ్చు. బాతులు గాలికి ఎదురుగా దిగుతాయి కాబట్టి వాటికి కాస్త జాగా వదలాలి.

అసలు పరీక్ష తెల్లవారుజామున. సూర్యోదయానికి అరగంట ముందు నుంచే కాల్చొచ్చు. ఆ మసక వెలుతురులో తెల్లటి పక్షి వస్తుంది. రెక్కల కొసలు నల్లగా ఉంటే స్నో గూస్. ఒళ్లంతా తెలుపైతే హంస. కొన్ని రాష్ట్రాల్లో ప్రత్యేక పర్మిట్ ఉన్నవాళ్లు తప్ప దాన్ని ముట్టుకుంటే కేసే. పాలనీ నీళ్లనీ వేరుచేసే హంస మన కథల్లో ఉంది. అక్కడ మాత్రం హంసని వేరుచేయాల్సింది మనిషే. మెడ ఎంత పొడవుందో, రెక్కలు ఎంత నిదానంగా ఆడుతున్నాయో చూడాలి. అందుకు దొరికేది కొన్ని క్షణాలే.