సెల్లార్‌లో సౌండ్‌చెక్

బరువు తూచే మిషన్ మీద స్నేర్ డ్రమ్ము పెట్టి, నంబరు నిలబడేదాకా ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు డ్రమ్మర్. కేసుతో కలిపి ఆరున్నర కిలోలు. సింబల్స్ సంచిని మాత్రం తూచలేదు. "ఇది నా చేతిలనే ఉంటది సార్. కింద లగేజిల ఏసినమంటే ఫ్రాంక్‌ఫర్ట్‌ల దిగేసరికి అప్పడాలే" అన్నాడు.

యూరప్ టూర్‌కి బయల్దేరుతున్న రాక్ బ్యాండు ఇది. విమానంలో మనిషికి 23 కిలోలు. నలుగురికి 92. అందులోనే రెండు గిటార్లు, ఒక బేస్, పెడల్‌బోర్డులు, కిక్ పెడల్, కేబుళ్ళు, ఆపైన టీషర్టులు. డ్రమ్‌సెట్టు, యాంప్లిఫయర్లు అక్కడి నిర్వాహకులే పెడతారు. దాన్ని బ్యాక్‌లైన్ అంటారు. చేతికి అలవాటైనవి, తేలిగ్గా పాడయ్యేవి మాత్రం ఎవరివి వాళ్ళే మోసుకెళ్ళాలి. టీషర్టులు బరువే, అయినా వాటిని ముట్టుకోరు. జర్మనీలో వ్యాన్‌కి డీజిల్ పోయించేది అవే. కనుక కోత సొంత బట్టల మీద పడింది. తలకు రెండు ప్యాంట్లని తీర్మానమైంది. గాయకుడొక్కడే మూడో ప్యాంటు కోసం పోట్లాడి ఓడిపోయాడు.

ఇదంతా బోరబండలో, సైట్-3 వైపు వాలు మీద కట్టిన ఒక నాలుగంతస్తుల ఇంటి సెల్లార్‌లో. హైటెక్ సిటీలో ఎంఎంటీఎస్ ఎక్కితే తర్వాతి స్టేషనే బోరబండ. 2003లో ఈ రైళ్ళు మొదలైనప్పుడు అటు అద్దాల మేడలు ఇంకా లేస్తూ ఉన్నాయి. ఇటు మాత్రం అప్పటికే ఇల్లు మీద ఇల్లు. ఇప్పటికీ పై అంతస్తులో ఇంటివాళ్ళు, మధ్యలో బ్యాచిలర్లు, రోడ్డు మీదికి ఒక టైలరింగ్ షాపు, ఒక కిరాణా. అటు అద్దాల మేడల్లో పనిచేసేవాళ్ళలో చాలామంది నిద్రపోయేది ఈ వైపే. ఈ బ్యాండు వాయించుకునేదీ ఇక్కడే. మాదాపూర్‌లో ఇంత జాగాకి అద్దె అడిగి చూశారట. రెండో ఇంటికే బైకు వెనక్కి తిప్పారు.

పేర్లు రాయొద్దన్నారు. ముగ్గురికి ఐటీ ఉద్యోగాలు. మేనేజర్లకు సగం తెలుసు, సగం తెలియదు, ఆ సగం అలాగే ఉండాలని వాళ్ళ కోరిక. డ్రమ్మర్ ఒక్కడిదే సంగీతం తప్ప వేరే జీతం లేని బతుకు. వారమంతా కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో పిల్లలకు డ్రమ్స్ నేర్పుతాడు. కాబట్టి వాళ్ళను వాయిద్యాల పేర్లతోనే పిలుస్తాను.

గదిని చూపించమంటే గిటారిస్టు హుషారుగా లేచాడు. వాళ్ళు అన్నిటికన్నా గర్వపడేది పాటల కంటే ఈ గదిని చూసే అనిపించింది నాకు. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు. డ్రమ్‌సెట్టు గట్టిగా వాయిస్తే అవలీలగా వంద దాటుతుంది. 55కీ 105కీ తేడా యాభయ్యే కదా అనుకుంటాం. డెసిబెల్ లెక్కలో పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లు. అంటే యాభై పెరిగితే లక్ష రెట్లు. ఆ లక్ష రెట్లను ఆపవలసింది ఈ గోడే.

"మొదట కోడిగుడ్ల అట్టలు అంటించినం. అందరూ అట్లనే చెప్పిన్రు" అన్నాడు గిటారిస్టు. అట్టలు గదిలో ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తాయి తప్ప శబ్దాన్ని బయటికి పోకుండా ఆపవు. ఆపాలంటే బరువు కావాలి, సందు లేకుండా మూయాలి. ఇప్పుడున్నది గదిలో గది. ఇటుక గోడకు జానెడు ఎడంగా ఇనుప ఫ్రేము, దానికి రెండు పొరల జిప్సం బోర్డు, మధ్యలో రాక్‌వూల్, తలుపు అంచుల చుట్టూ రబ్బరు. డ్రమ్‌సెట్టు నేల మీద లేదు. రబ్బరు మ్యాట్ల మీద ప్లైవుడ్ వేదిక కట్టి, దాని మీద పెట్టారు. కిక్ డ్రమ్ము దెబ్బ గాలిలో కంటే శ్లాబులోంచి బాగా పాకుతుందట, పై ఇంట్లో గిన్నెలు చప్పుడయ్యాకే ఆ సంగతి తెలిసిందట. కింద పరిచిన కార్పెట్లు ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్నవి. ఒకదాని మీద ఏదో హోటల్ చిహ్నం ఇంకా కనిపిస్తోంది.

సందు లేని గదిలో గాలి కూడా రాదు. ఏసీ ఉన్నా, నాలుగు పాటలయ్యేసరికి నా చొక్కా వీపుకి అంటుకుపోయింది. తలుపు తీయగానే పచ్చిమిర్చి పోపు వాసన లోపలికి వచ్చింది. దానితో పాటే ఇంటి ఓనరమ్మ.

ఆమెను అందరూ ఆంటీ అంటారు. రాత్రి తొమ్మిదికి షట్టర్ దించాలనేది ఆమె చట్టం, ప్రభుత్వం కంటే గంట ముందు. "ఇండ్లకెల్లి సప్పుడు రాదు బాబూ. తలుపు తీసినప్పుడే, ఎవర్నో కొడుతున్నట్టు ఇనిపిస్తది" అని నాతో అని, గాయకుడి వైపు తిరిగి "అరుస్తవు గానీ గొంతుకు మిరియాలపాలు తాగినవా?" అని అడిగింది. అతడు బుద్ధిగా తలూపాడు. అంతకు పది నిమిషాల ముందు ఇదే మనిషి మైకు నోట్లో పెట్టుకున్నంత పని చేసి ఏనుగు ఘీంకరించినట్టు పాడాడు.

వాళ్ళు వాయించేది బరువైన రాక్. మెటల్‌కి ఒక మెట్టు ఇవతల. మాటలు సగం ఇంగ్లిష్, సగం తెలుగు. తెలుగు పాటల్లో ఒకటి నాలాలో పడి పోయిన పిల్లాడి మీద, ఒకటి నైట్ షిఫ్టు క్యాబ్ మీద. క్యాబ్ పాట నాకు నచ్చింది. నాలా పాటలో మాటలు ఒక్కటీ వినపడలేదు. ఆ మాటే చెబితే, "యూరప్‌ల గూడ అట్లనే అన్నరు సార్, కాకపోతే ఆళ్ళకు తెలుగు రాదు" అన్నాడు బేసిస్టు.

హైదరాబాద్‌కు ఈ రకం సంగీతం కొత్త కాదు. డెత్ మెటల్ వాయించే గాడ్‌లెస్ ఈ ఊళ్ళోనే పుట్టింది. 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' అనే పూర్తి ఆల్బమ్ తెచ్చింది. తెలుగులో సొంత పాటతో జనంలోకి వెళ్ళిన దారి వేరు. జానపదపు బాణీకి గిటార్ కలిపిన చౌరస్తా బ్యాండు పాటలు టీకొట్ల దాకా వెళ్ళాయి. దాంట్లోంచి వచ్చిన రామ్ మిరియాల 2021లో 'జాతిరత్నాలు'లో చిట్టి పాట పాడాడు, మరుసటేడు 'డీజే టిల్లు' టైటిల్ పాటకు బాణీ కట్టి తనే పాడాడు. సినిమా ఎత్తుకున్నాకే మనవాళ్ళు ఇంటి పిల్లాణ్ణి గుర్తుపడతారు. ఇది నా చాదస్తం కావచ్చు గానీ, మనకు సినిమాలో లేని పాట ఇంకా సగం పాటే.

ఇక్కడ వాయించడానికి చోట్లెక్కడ అని అడిగాను. బంజారాహిల్స్‌లో 2010 నుంచి ఉన్న లామకాన్‌లో సమోసా తింటూ వినేవాళ్ళు దొరుకుతారు, శ్రద్ధగా వింటారు కూడా, కాకపోతే ఇంత చప్పుడుకు అది తగిన చోటు కాదు. కాలేజీ ఫెస్టులు ఏడాదికొకసారి. మిగిలినవి పబ్బులు. జూబ్లీహిల్స్ కాలనీవాసులు కోర్టుకెక్కితే 2022 సెప్టెంబరులో పబ్బుల్లో రాత్రి పది దాటాక సంగీతం వద్దని హైకోర్టు ఆదేశించింది. తర్వాత దాన్ని పది పబ్బులకే పరిమితం చేసింది. కాలనీవాళ్ళ తప్పేమీ లేదు, నిద్ర వాళ్ళ హక్కు. అయితే పబ్బు మొదలయ్యేదే తొమ్మిదికి. ఆ గంటలో సొంత పాటలు పాడే బ్యాండుకి ఇవ్వడానికి ఓనరుకి చేతులు రావు. డీజేని పెట్టుకుంటాడు. లేదా తెలిసిన పాటలు వాయించమంటాడు.

తెలిసిన పాటలంటే సినిమా పాటలే. అక్కడే ఉంది వీళ్ళ బొక్కసం. ఇదే నలుగురు, ఒక కీబోర్డు మనిషిని, ఒక అమ్మాయి గొంతుని కలుపుకుని, వేరే పేరుతో పెళ్ళిళ్ళ సంగీత్‌లకు వెళ్తారు. మేడ్చల్ వైపు, శంషాబాద్ వైపు ఫంక్షన్ హాళ్ళు, రిసార్టులు. డ్రమ్మర్ ఒక రూళ్ళ పుస్తకం చూపించాడు. ఎడమ పేజీలో సంగీత్‌లు, కుడి పేజీలో యూరప్. ఎడమ పేజీలో ఒక్క పెళ్ళి, కుడి పేజీలో ఒక మనిషి విమానం టికెట్టు. గీత గీసి బాణం వేసి ఉంది, ఫలానా పెళ్ళి ఫలానా వాడి టికెట్టు అని. ఒక బాణం మాత్రం సగంలో ఆగింది. ఆ పెళ్ళివాళ్ళు ఇంకా బాకీ.

కుడి పేజీ నిడివి ఎక్కువ. షెంగెన్ వీసా తలకు 90 యూరోలు, 2024 జూన్ నుంచి. దరఖాస్తు కేంద్రం వాళ్ళ రుసుము అదనం. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా. ఆహ్వాన పత్రం, బ్యాంకు స్టేట్‌మెంటు. వీటన్నిటికీ తోడు ఆఫీసు నుంచి లీవు లెటరు. "మ్యూజిక్ ఈవెంట్ అని రాయాలె. హెచ్ఆర్ మేడం, నువ్వు పాడతవా అని అడిగింది. బేస్ వాయిస్త అన్న. అంటే ఏంది అన్నది" అని నవ్వాడు బేసిస్టు. డ్రమ్మర్‌కి ఆఫీసే లేదు కాబట్టి లెటరిచ్చేవాళ్ళూ లేరు. అతని ఆదాయపు పన్ను రిటర్నులు, నేర్పే ఇళ్ళనుంచి వచ్చిన చెల్లింపులు కలిపి పుస్తకమంత కట్ట పెట్టాల్సి వచ్చింది.

సామాన్ల సంగతి ఇంకొకటి. వస్తువులకు పాస్‌పోర్టు లాంటి ఏటీఏ కార్నెట్‌ని మనదేశంలో ఫిక్కి ఇస్తుంది. దానికి హామీ సొమ్ము కట్టాలి. చేత్తో మోసే గిటార్లకు అంత తతంగం ఎందుకని వీళ్ళు శంషాబాద్‌లో కస్టమ్స్ దగ్గర సీరియల్ నంబర్లతో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకుంటారు, తిరిగొచ్చేటప్పుడు సుంకం గొడవ లేకుండా. గిటారిస్టు గిటార్ మెడ మీద పలక రోజ్‌వుడ్. 2017 జనవరిలో రోజ్‌వుడ్ జాతులన్నిటి మీదా అంతర్జాతీయ ఆంక్షలు వచ్చినప్పుడు అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు హడలిపోయారు. 2019 చివర్లో తయారైన వాయిద్యాలను మినహాయించాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

అంతా చేసి అక్కడ వచ్చేదెంత? జర్మనీలో బయటి కళాకారుల పారితోషికం మీద 15 శాతం పన్ను పట్టుకుంటారు. అయితే ఒక ప్రదర్శనకు తలకు 250 యూరోలు మించకపోతే పట్టుకోరు. "మనకు ఆ టెన్షనే లేదు. ఎప్పుడూ లోపలనే" అన్నాడు డ్రమ్మర్. పెద్ద బ్యాండు వెంట ముందుగా వాయించే అవకాశానికైతే ఎదురు డబ్బు కట్టే పద్ధతి కూడా ఉంది. చిన్న క్లబ్బుల్లో భోజనం, పడుకోను చోటు, కొంచెం డబ్బు. మర్నాడు పొద్దున్నే వ్యాన్. బేసిస్టు, గిటారిస్టు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్లు తీసుకున్నారు, వంతులవారీగా నడుపుతారు.

మరెందుకు పోవడం? నాకు తట్టిన జవాబు వాకెన్. జర్మనీ ఉత్తరాన సుమారు రెండువేలమంది ఉండే పల్లె, 1990 నుంచి ఏటా అక్కడ మెటల్ తిరునాళ్ళు, ఇప్పుడు ఎనభైవేలు దాటి జనం. 2013లో బెంగళూరు బ్యాండు క్రిప్టోస్ అక్కడ వాయించింది. 2019లో ఢిల్లీ వాళ్ళ బ్లడీవుడ్ ధోలు, భాంగ్రాతో మైదానాన్ని ఊపేసింది. "మీదీ ఆ కలేనా?" అంటే గాయకుడు తల అడ్డంగా ఊపాడు.

"పోయిన టూర్‌ల ఒక ఊళ్ళ అరవైమంది వచ్చిన్రు. క్యాబ్ పాట పాడినం. ఒక్క ముక్క అర్థం గాలే ఆళ్ళకు. అయినా అయిపోయినంక ఒక ముసలాయన వచ్చి, ఆ పాట దేని మీద అని అడిగిండు. ఇక్కడ ఎన్నడన్న ఎవరన్న అడిగిన్రా? తెలుగు రాని కాడ మా తెలుగు పాట ఇంటరు. తెలుగొచ్చిన కాడ సినిమా పాట ఎయ్యమంటరు."

అమెరికా తెలుగువాళ్ళ సంగతి తీశాను. 1977లో తొలి సభ జరిపిన తానా, ఆ తర్వాత వచ్చిన ఆటా, నాట్స్ లాంటి తెలుగు సంఘాలు, వాటి వేసవి మహాసభలు, వేలమంది శ్రోతలు. అక్కడివాళ్ళు పిటిషన్ వేస్తే కళాకారుల వీసా. ఒక్క పిటిషన్‌లో పాతికమంది దాకా పేర్లు పెట్టొచ్చు, అందుకే సినిమా సంగీత దర్శకులు బృందాలతో కదులుతారు. వీళ్ళనీ ఒకసారి ఎవరో వాకబు చేశారట. పాటల జాబితా వాళ్ళే పంపారు. అందులో వీళ్ళ పాట ఒక్కటీ లేదు. "అట్లయితే అది మేడ్చల్ ఫంక్షన్ హాలే గదా, కాకపోతే దూరం" అన్నాడు గిటారిస్టు. డబ్బు మాత్రం బాగుండేదని డ్రమ్మర్ గొణిగాడు. ఆ చర్చ ఇంకా తెగలేదని ఆ గొణుగుడులోనే తెలిసింది.

ఏడున్నరకి మళ్ళీ వాయిద్యాలెత్తారు. యూరప్ పాటలకు కాదు, శుక్రవారం ఒక సంగీత్ ఉంది. పెళ్ళికూతురి మేనమామ పంపిన జాబితా గోడకు అంటించి ఉంది. గాయకుడు మొదటి పాటను అరమెట్టు దించమన్నాడు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. గిటారిస్టు ఒప్పుకోలేదు, దించితే పిల్లలు ఎగరరు అని. చివరికి దించారు. నిజం చెప్పాలంటే బాగా వాయించారు. నా కాలు దానంతటదే ఆడింది, క్యాబ్ పాటకు ఆడనంతగా.

మధ్యలో బేసిస్టు ఫోన్ చూసుకుని వాయించడం ఆపేశాడు. లీవు ఓకే అయింది, కానీ టూర్ మధ్యలో వచ్చే శనివారం ఆఫీసులో రిలీజ్ ఉంది, లాగిన్‌లో ఉండాలట. వాళ్ళు తారీఖులు చూశారు. ఆ శనివారం లీప్‌జిగ్ నుంచి ప్రాగ్‌కి ప్రయాణం.

"వ్యాన్‌ల హాట్‌స్పాట్ పెట్టుకొని కూసుంట. ఏమైతది?" అన్నాడు.

"అయితే ఆ దినం స్టీరింగ్ నాకియ్యి" అని గిటారిస్టు రూళ్ళ పుస్తకంలో రాసుకున్నాడు.