డ్రమ్ము లేస్తే వంట

బందరులో ఎక్కిన పల్లెవెలుగు చల్లపల్లి దాటేసరికి కిటికీలోంచి కాలిన గడ్డి వాసన. డిసెంబరు నెల. మిషన్ కోసిపోయిన చేలల్లో, మినుము చల్లనివాటిల్లో, గడ్డికి నిప్పు పెడుతున్నారు. మోపిదేవిలో గుడికొచ్చినవాళ్లు దిగిపోయారు. పులిగడ్డ అక్విడక్టు రాగానే పక్కసీటు పెద్దాయన "మా దివిసీమ కూడంతా ఈ నీళ్లేనండి" అన్నారు. తర్వాత కనిపించిన కాలవల్లో నీళ్లకంటే గుర్రపుడెక్కే ఎక్కువ. గడ్డి, డెక్క, పేడ: వీటితో ఊరందరి పొయ్యీ వెలుగుతుందా? నా ప్రయాణం ఆ ప్రశ్న పట్టుకునే.

అవనిగడ్డ మిత్రుడు చెప్పిన గుర్తులతో కోడూరులో ఒక పెరడు చేరాను. కొబ్బరిచెట్టు కింద ఇటుకల గుంత, అందులో ఒరిగిపోయిన ఇనుప డ్రమ్ము. ఉప్పుగాలికి తుప్పు పట్టి జల్లెడయింది. పాత గోబర్ గ్యాస్. పేడకి సమానంగా నీళ్లు కలిపి పోస్తే, గాలి తగలని గుంతలో అది పులిసి గ్యాస్ వదులుతుంది. గ్యాస్ నిండేకొద్దీ డ్రమ్ము లేస్తుంది. మిగిలిన బురద చేలోకి ఎరువు.

"డ్రమ్ము లేస్తే వంట, దిగితే పుల్లలు. అదీ మా లెక్క" అంది ఇంటి పెద్దావిడ.

"ఎందుకు ఆపేశారు పిన్నిగారూ?"

"ట్రాక్టరొచ్చింది, ఎడ్లు పోయినయ్. ఆ గుంతలో మమ్మల్ని దిగమంటావా బాబూ?"

ఇప్పుడు చావిట్లో మూడు గేదెలు. ఆవిడ ముందే లెక్క కట్టాను. పాతిక కిలోల పేడకి సుమారు ఘనమీటరు గ్యాస్. 14.2 కిలోల బండతో సమానం కావాలంటే ఎనిమిది వందల కిలోలు. గేదెకి రోజుకి పది కిలోలనుకున్నా, మూడింటికి దాదాపు నెల. దీపం పథకం కింద ఏడాదికి మూడు బండలు ఉచితంగా వస్తుంటే నెలంతా పేడ ఎత్తుతుందా? నేనైతే ఎత్తను.

కాబట్టి గడ్డిని కలుపుకోవాల్సిందే. కానీ వరిగడ్డి మొండిది. అలాగే వేస్తే పైకి తేలి తెట్టె కడుతుంది. ముక్కలు కొట్టి, నానబెట్టి, పేడతో కలపాలి. డెక్కనైనా అంతే. ఒక్క ఇంటివల్ల అయ్యే చాకిరీ కాదు, అందుకే ఊరుమ్మడి ప్లాంటు మాట. హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్లో కుళ్లిన కూరగాయలతో కరెంటూ, క్యాంటీన్‌కి గ్యాసూ తీస్తున్నారు. అక్కడ చెత్తంతా ఒకే యార్డుది. ఊళ్లో అలా కాదు, ఎవరి పేడ వాళ్లదే. కర్ణాటకలోని పుర గ్రామంలో బెంగళూరు ఐఐఎస్సీవాళ్లు మొదట వంటకే గ్యాస్ ఇవ్వబోయారు. చాల్లేదు. 1987లో దాన్ని దీపాలకీ మంచినీళ్ల మోటారుకీ మళ్లించారు. తెచ్చిన పేడ తూచి ఇంటింటికీ డబ్బులిచ్చారు.

ఈ కథ చెప్తుంటే పిన్నిగారు బండ పొయ్యి మీద టీ కాచి గ్లాసు చేతికిచ్చింది. కాసేపు ఆలోచించింది.

"బాగానే ఉంది గానీ, ఆ కాటా ఎవరింటి ముందు పెడతారు బాబూ?"

టీ చల్లారిపోయింది. సాయంత్రం బస్సుకి ఇంకా అరగంట ఉంది.